ఒకే రేకు, అరవై గడపలు

ఫైరింజను ఆలస్యంగా రాలేదు. ఆ సంగతి ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే మర్నాడు కంపెనీ వాళ్ళు పేపర్లో గొప్పగా వేయించుకున్నది కూడా అదే. ఫోన్ చేసిన ఆరో నిమిషానికల్లా బండి వీధి మొదట్లో ఉంది. నలుగురు మనుషులు దిగారు. పైపు పరిచారు, పంపు తిప్పారు, నీళ్ళు వచ్చాయి. నీళ్ళు అలా పడుతూ ఉండగానే ఆ నలుగురూ నిలబడి మిషనమ్మ ఇల్లు కాలిపోవడం చూశారు.

పొద్దున్న పదిన్నర. వీధిలో సగం మంది పనుల్లో ఉన్నారు, మిగిలినవాళ్ళు బిందెలూ బకెట్లూ పట్టుకుని పరుగెడుతున్నారు. మిషనమ్మ అంటే ఇరవై ఏళ్ళుగా ఆ వీధి పిల్లలకు స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషి. ఆమె మొగుడు ఒకప్పుడు లారీలకు బస్తాలెత్తేవాడు. బస్తాల వరస మీదపడి నడుము విరిగి, నాలుగేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఆ రోజు మిషను పక్క గోడకున్న వైరు నిప్పులు రాల్చింది. కింద గుడ్డముక్కల గుట్ట ఉంది. ఇక చెప్పేదేముంది. ఆమె బయటికొచ్చి ఒక్క కేక వేసి, మొగుడి కోసం మళ్ళీ లోపలికి పోయింది.

పక్కనే రంగుల గోడౌను. దాని తలుపు మీద అరచెయ్యంత ఎర్ర రేకు, రేకు మీద నంబరు. రేకు ఉందంటే కంపెనీకి ఏడాది చందా కట్టినట్టు. మంటలార్పే పనిని ప్రభుత్వం ముప్పై ఏళ్ళ ఒప్పందం మీద కంపెనీ చేతిలో పెట్టినప్పటి నుంచి రూలు ఇదీ: రేకు ఉన్న ఇంటికే నీళ్ళు. రేకు లేని ఇల్లు కాలుతుంటే, ఆ మంట రేకున్న ఇంటికి అంటుకోకుండా రేకున్న గోడ మాత్రం తడపాలి. సిబ్బంది రేకు లేని ఇంట్లో అడుగు పెట్టకూడదు, పెడితే కంపెనీ బీమా వర్తించదు. అందుకని ఆ పొద్దున్న నీళ్ళన్నీ గోడౌను గోడ మీద పడ్డాయి. అవతల మనుషులు కాలుతున్నారు, ఇవతల గోడ చల్లగా తడుస్తోంది.

ఆ పైపు మూతి పట్టుకున్నవాడు ఆ వీధి మనిషే. అందరూ ఆయన్ని పైపు బాబాయ్ అంటారు. ప్రభుత్వం ఉన్నప్పుడు తొమ్మిదేళ్ళు, కంపెనీ వచ్చాక రెండేళ్ళు, అదే బండి, అదే పైపు. మిషనమ్మ ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆయన ఇల్లు. ఆ ఇంటికీ రేకు లేదు, మంటలార్పేవాడి జీతానికి ఆ చందా అందదు కాబట్టి.

అయితే మిషనమ్మ తలుపు మీద మాత్రం ఆ రోజు రేకు ఉంది. ఘోరమంతా అక్కడే ఉంది.

ఏడాది కిందట బాబాయే ఒక ఉపాయం చెప్పాడు. బండి దిగినవాళ్ళు చూసేది తలుపునే, జాబితాలు తిరగేసే తీరిక ఎవరికుంటుంది, కాబట్టి అరవై ఇళ్ళూ కలిసి ఒక్క రేకు తీసుకుందాం, ఎవరింటికి నిప్పంటుకుంటే వాళ్ళ తలుపుకి కొట్టేద్దాం అన్నాడు. వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. కంపెనీకే టోపీ పెడుతున్నామని మురిసిపోయింది. పిండిమర ఆయన పేరు మీద రేకు తీసుకుని, మర తలుపు వెనక మేకుకి తగిలించి, పక్కనే సుత్తీ నాలుగు మేకులూ పెట్టారు. ఒక ఆదివారం పరుగెత్తి చూసుకున్నారు కూడా, మర దగ్గర్నుంచి చివరింటికి రేకు ఎంతసేపట్లో చేరుతుందని. నిమిషంన్నర పట్టింది. మిషనమ్మ ఇల్లంటుకున్న రోజు కూడా నిమిషంన్నరలోనే చేరింది. పిండిమర ఆయన పొగలో దగ్గుతూ, చేతులు బొబ్బలెక్కుతున్నా వదలకుండా, ద్వారబంధానికి నాలుగు మేకులూ కొట్టాడు.

సూపర్‌వైజరు బండి దిగి రేకు చూశాడు. చూసి జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ నెలలోనే కంపెనీ నంబర్ల జాబితా మొత్తం సూపర్‌వైజర్ల ఫోన్లలో పెట్టింది. బాబాయికి ఆ సంగతి తెలియదు. పైపు పట్టేవాళ్ళకు ఇలాంటివి ఎవరు చెబుతారు.

"రెండు వందల పన్నెండంటే పిండిమర కదా," అన్నాడు సూపర్‌వైజరు. "ఇది పిండిమరా?"

మర ఆయన చేతిలో ఇంకా సుత్తి ఉంది.

బాబాయి పైపు వదలకుండానే తల తిప్పి, "సార్, లోపల మనుషులున్నారు," అన్నాడు.

"ఆగు. ఆఫీసుని కనుక్కుంటున్నా."

బాబాయి ఆగాడు. ఆయన చేసిన పని అది. పైపు ఆయన చేతుల్లోనే ఉంది, ఆ చేతుల్ని ఎవరూ కట్టెయ్యలేదు, ఓ జానెడు పక్కకి తిప్పితే సరిపోయేది. కానీ పదకొండేళ్ళుగా పైవాడు చెప్పాకే మూతి తిప్పడం అలవాటైన చేతులవి. రేకు ఉంది కదా, ఎవరిదైతేనేం, ఇంకో నిమిషంలో సరేనంటారు అనుకున్నాడు. ఆఫీసు వాళ్ళు సూపర్‌వైజరుని లైన్లో ఉంచి, వాళ్ళ పైవాళ్ళని అడిగారు. పైవాళ్ళు మీటింగులో ఉన్నారు. లోపల మిషనమ్మ ముందు మొగుణ్ణి పేరుతో పిలిచింది. తర్వాత తమ్ముడూ అని బాబాయిని పిలిచింది, రెండుసార్లు. ఆ తర్వాత కప్పు కూలింది. ఆఫీసు నుంచి జవాబు అప్పుడొచ్చింది, కుదరదని.

వాళ్ళ కూతురు చిట్టి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కబురందినా, పాసు లేకుండా వదిలేది లేదని గేటు దగ్గర గంటసేపు నిలబెట్టారు. ఆ పిల్ల వచ్చేసరికి మంట దానంతటదే ఆరిపోయింది. అమ్మా నాన్నా ఇనుప మంచం పక్కన ఒకేచోట దొరికారు. ఏది ఎవరో విడదియ్యడానికి ఆసుపత్రి వాళ్ళు కూడా తంటాలు పడ్డారు. చిట్టి అప్పుడు ఏడవలేదు. పైపు చుట్టుకుంటున్న బాబాయి దగ్గరికొచ్చి ఒకటే అడిగింది.

"నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి బాబాయ్?"

"పది అడుగులమ్మా."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే, చెప్పుతో కొట్టి ఉంటే ఆయనకు కాస్త ఊపిరాడేది. చిట్టి ఆ ఉపకారం చెయ్యలేదు.

ఆ వారం వీధిలో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. టీ కొట్టు మామ గ్లాసు ముందు పెట్టి మొహం తిప్పుకునేవాడు. ఇంట్లో పెళ్ళాం కంచం పెట్టేది గానీ పక్కన కూర్చునేది కాదు. కంపెనీ మాత్రం బాగా మాట్లాడింది. శుక్రవారం సిబ్బందినంతా వరసలో నిలబెట్టి, క్లిష్ట సమయంలో నిబంధన తప్పనందుకు బాబాయికి ప్రశంసాపత్రం ఇచ్చింది, చప్పట్లు కొట్టించింది. అదే రోజు వీధికి నోటీసు పంపింది: రేకును దుర్వినియోగం చేసినందున రెండు వందల పన్నెండో నంబరు రద్దు, ఐదేళ్ళ దాకా ఈ వీధికి మరో రేకు ఇవ్వబడదు. బాబాయి ఆ ప్రశంసాపత్రాన్ని ఇంటికి తీసుకుపోలేక, అలాగని పారెయ్యలేక, చొక్కాలో దాచుకుని వీధి మొదట్లో చాలాసేపు నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్న వీధంతా మిషనమ్మ ఇంట్లోనే సమావేశమైంది. ఇల్లంటే ఏముంది, నాలుగు నల్ల గోడలు. నేల మీద బూడిద తుడిచి గోనెసంచులు పరుచుకున్నారు. ఫ్యాక్టరీ యూనియన్ వాళ్ళు పదిమంది, కాలేజీ పిల్లలు ఐదారుగురు వచ్చి గోడ వారన నిలబడ్డారు.

ముందు లేచింది గుమాస్తా తాత. ప్రభుత్వాఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళతో కాపురం చేసిన మనిషి. నీళ్ళు, వీధి దీపాలు, మంటలార్పడం ఇవన్నీ అంగట్లో సరుకులు కావనీ, డబ్బున్నవాడికి ఇచ్చి లేనివాడికి ఎగ్గొట్టడానికి వీల్లేనివనీ, సర్కారే చూసుకోవాలనీ చెప్పాడు. అందరం సంతకాలు చేసి అర్జీ పెడితే కంపెనీ దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంటారని ఆయన నమ్మకం. అర్జీ అప్పటికే రాసి తెచ్చాడు కూడా.

టీ కొట్టు మామ అడ్డం తగిలాడు. సర్కారు రోజుల్లో కలప అడితి కాలినప్పుడు బండి ఎప్పుడొచ్చిందో గుర్తుందా అని తాతను నిలదీశాడు. డీజిలు లేదని రానే లేదు. మర్నాడు ఇద్దరు వచ్చి బూడిద కొలిచి రిపోర్టు రాసుకుపోయారు, ఆ కాగితానికి కూడా చెయ్యి తడపాల్సొచ్చింది. కాబట్టి మామ చెప్పేదేమిటంటే, ఉన్నది ఒక్క కంపెనీ కాబట్టే ఈ పొగరు, రెండోది దిగిందంటే పోటీ పడి చందా తగ్గిస్తారు, మనకీ ఇంటికో రేకు వస్తుంది. తన కొట్టు ఎదురుగా ఇంకో కొట్టు పడ్డాకే తను కూడా గ్లాసు నిండా పొయ్యడం మొదలెట్టానని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. జనం నవ్వారు. ఎక్కడ కూర్చుని నవ్వుతున్నారో గుర్తొచ్చి వెంటనే తలలు దించుకున్నారు.

చిట్టి అప్పటిదాకా మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. లేవకుండానే మాట్లాడింది.

"మామా, నీ టీ నచ్చకపోతే ఎదురు కొట్టుకి పోతాను. మా అమ్మ మంటల్లో నిలబడి ఏ కంపెనీ చవకో బేరమాడాలా? రెండు కంపెనీలొస్తే రెండు బండ్లొచ్చి నిలబడి చూస్తాయి, అంతే. తాతా, నువ్వు చెప్పే సర్కారే కదా మనల్ని అడక్కుండా ఈ బండిని వాళ్ళ చేతుల్లో పెట్టింది. వాళ్ళు రాకుండా చంపారు, వీళ్ళు వచ్చి చంపారు. బండి మన పన్నులతో కొన్నది, అది నీళ్ళు నింపుకునే బావి మన తాతలు తవ్వింది, బండి తోలేదీ పైపు పట్టేదీ మనవాళ్ళే. ఇద్దర్లో ఎవరు మేలని మనం కొట్టుకు చస్తున్నాం. ఎవరి చేతిలో పెట్టినా, వాడి మెడ మీద మన చెయ్యి లేకపోతే ఇదే గతి."

గుమాస్తా తాత అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు గానీ పారెయ్యలేదు, ముప్పై ఏళ్ళ అలవాటు మరి.

అప్పుడే ఎవరో గడప వైపు చూశారు. బాబాయి బయట నిలబడి వింటున్నాడు. పిండిమర ఆయన రెండు చేతులకూ కట్లున్నాయి. ఆ కట్ల చేతులే ఎత్తి, వీణ్ణి ముందు పంపించెయ్యండి అన్నాడు. చాలామంది అవునవునన్నారు. బాబాయి పోలేదు, లోపలికీ రాలేదు.

"ఆ ఉపాయం నాది," అన్నాడు. "మీ అందరిచేతా దొంగదారి తొక్కించాను. ఆ రేకు లేకపోయుంటే సూపర్‌వైజరు ఫోన్ చేసేవాడు కాదు, సరేనంటారని నేను ఆశపడేవాణ్ణి కాదు. ఆశ లేకపోతే పైపు తిప్పేవాణ్ణేమో. తిప్పేవాణ్ణో లేదో కూడా నాకు తెలీదు."

ఒకామె మొహానికి కొంగడ్డం పెట్టుకుంది. చిట్టి మాత్రం కరగలేదు.

"ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ముందు రూలు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

బాబాయి రూలు అప్పజెప్పాడు, వాళ్ళకు వారం వారం అప్పజెప్పించే రూలే: తలుపు మీద రేకు కనబడనిదే పంపు తిప్పరాదు. జాబితా అన్నది దొంగ రేకుల్ని పట్టుకోవడానికే గానీ, నీళ్ళు పొయ్యడానికి లెక్క రేకే. సూపర్‌వైజరు కూడా అది కాదనలేడు.

మూల కూర్చున్న నాలుగిళ్ళ అత్త తల ఎత్తింది. నాలుగు పెద్దిళ్ళలో అంట్లు తోమి, ఇళ్ళు తుడిచే మనిషి, అందుకే ఆ పేరు.

"ఆ రేకులు రోజూ తుడిచేది నేనే కదా," అంది. "మొన్న ఒకటి వదులైతే బిగించిందీ నేనే. నాలుగు మరలు. ఊడదియ్యడానికి ఎంతసేపు?"

ఆ పెద్దిళ్ళ గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్లు అక్కడే ఉన్నారు. కార్లు తోలేవాళ్ళు, చెట్లకు నీళ్ళు పోసేవాళ్ళు, వంటలు చేసేవాళ్ళు అందరూ ఆ నల్ల గోడల మధ్యే ఉన్నారు. ఊళ్ళో రేకున్న ప్రతి తలుపునీ పొద్దున్నే తెరిచేది వాళ్ళే. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్క రేకుని అరవై ఇళ్ళకు తిప్పాలని ఏడాది పాటు బుర్రలు చించుకున్నారే గానీ, అన్ని రేకులూ పీకెయ్యొచ్చని అప్పటిదాకా ఒక్కరికీ తట్టలేదు.

స్టేషన్లో సిబ్బందిని ఒప్పించే పని బాబాయి మీద పడింది. పన్నెండు మంది, పన్నెండు భయాలు. మనం ఉద్యోగులం, మనకెందుకీ గొడవ అని డ్రైవరు మొండికేశాడు. బాబాయి ప్రశంసాపత్రం తీసి అతని ఒళ్ళో పెట్టాడు. రేపు మీ వీధి కాలినప్పుడు నీకూ ఒకటిస్తారు, దాచుకోవడానికి పెట్టె కొనుక్కో అన్నాడు. డ్రైవరు దాన్ని రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత మనకెందుకన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికల్లా ఊళ్ళో ఒక్క తలుపు మీదా రేకు లేదు. వెయ్యీ నూట నలభై రేకులు గోనెసంచుల్లో, కూరల బుట్టల్లో, సైకిలు క్యారేజీల మీద వచ్చి ఫైర్ స్టేషన్ గేటు ముందు గుట్టపడ్డాయి. నాలుగిళ్ళ అత్త తన నాలుగూ కాక, పక్కింటిది కూడా పట్టుకొచ్చింది, చెయ్యి ఖాళీగా ఉంది కదా అని. పన్నెండు మంది సిబ్బందీ బండి ముందు మెట్ల మీద కూర్చున్నారు. కంపెనీ మేనేజరు కారులో ఊడిపడ్డాడు. జాబితా చూసి వెళ్ళండన్నాడు. రేకు కనబడనిదే పంపు తిప్పరాదు, రూలు మీదే అన్నారు వీళ్ళు. రేకు అక్కర్లేదని కాగితం మీద రాసివ్వండి, ఈ నిమిషమే బయల్దేరతాం అన్నారు. అలా రాస్తే ఊళ్ళో అందరిళ్ళకూ రాసినట్టే, అది మేనేజరుకు తెలుసు. కలం తియ్యలేదు.

పెద్దిళ్ళవాళ్ళకు ఆ రోజు అన్నం సయించలేదు. తమ తలుపు కూడా అచ్చం మిషనమ్మ తలుపులా ఉండేసరికి ప్రాణం విలవిల్లాడింది. వాళ్ళ ఫోన్ల దెబ్బకు మర్నాడు ప్రభుత్వ అధికారి కదిలొచ్చాడు. జనం ఆయన్ని అడిగితే, ఒప్పందం ముప్పై ఏళ్ళది, నా చేతుల్లో ఏమీ లేదు, కంపెనీని అడగండి అన్నాడు. కంపెనీని అడిగితే, రూలు ప్రభుత్వం ఆమోదించింది, మా చేతుల్లో ఏమీ లేదు, ప్రభుత్వాన్ని అడగండి అన్నాడు మేనేజరు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకే ఫ్యాను కింద, పక్కపక్కనే కూర్చుని ఈ మాటలన్నారు. తాత అప్పుడు అర్జీ తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. అధికారి చదవకుండానే దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. తాత దాన్ని చూసి, వచ్చి మెట్ల మీద సిబ్బంది పక్కన కూర్చున్నాడు. అర్జీ వెనక్కి అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఊరి చివర చిత్తు కాగితాల షెడ్లంటుకున్నాయి. అక్కడ యాభై కుటుంబాలు కాగితాలేరి, వేరు చేసి, వాటి మధ్యే కాపురముంటాయి. పొగ స్టేషన్ దాకా కనబడింది. అదే పొద్దున్న సమ్మె చట్టవిరుద్ధమని ప్రకటించి, గేటు దగ్గర నలభై మంది పోలీసుల్ని పెట్టారు. సిబ్బందినందర్నీ కంపెనీ పనిలోంచి తీసేసిందని, బండి కంపెనీ ఆస్తి, గేటు దాటకూడదని ఇన్‌స్పెక్టరు మైకులో చెప్పాడు. సిబ్బంది లేచి బండెక్కారు. డ్రైవరే ముందెక్కాడు. అవతల కాలుతున్నాయయ్యా, ఆర్పి తెచ్చి ఇక్కడే పెడతాం, ఆ తర్వాత ఏం చేస్తారో చేసుకోండి అని బాబాయి బతిమాలాడు. ఇన్‌స్పెక్టరు తనకు ఆర్డర్లు లేవన్నాడు, కనుక్కుంటానని ఫోన్ తీశాడు.

బాబాయి ఈసారి ఆ జవాబు కోసం ఆగలేదు. పోనీయ్ అని బండి తలుపు మీద అరచేత్తో కొట్టాడు.

గేటు తీసింది జనం. లాఠీలు లేచాయి. నాలుగిళ్ళ అత్త తల పగిలింది. పిండిమర ఆయన కట్ల చేతుల మీదే చూసి చూసి కొట్టారు. కాలేజీ పిల్ల ఒకతె పళ్ళు రాలాయి. దెబ్బలు తిన్నవాళ్ళు వెనక్కి పోలేదు, పోవడానికి చోటు లేదు, వెనక ఇంకా రెండు వందల మంది తోస్తున్నారు. గేటు బందులతో సహా ఊడి పడింది. బండి రేకుల గుట్ట మీదుగా ఎక్కి రోడ్డు మీదికి దూకింది. పది నిమిషాలు పోయాయి అక్కడ. ఆ పది నిమిషాల్లో మూడు షెడ్లూ, నడవలేని ఒక ముసలాయనా పోయారు. మిగతా పదకొండు షెడ్లూ దక్కాయి. లోపల చిక్కుకున్న ఇద్దరు ఆడవాళ్ళని బాబాయి తడిగోనె కప్పుకుని వెళ్ళి భుజాన వేసుకొచ్చాడు. మంటారి, పైపు చుట్టుకుంటూ ఉండగానే పోలీసులొచ్చి పన్నెండు మందికీ బేడీలు వేశారు.

పదకొండు మందిని మర్నాడు వదిలేశారు. బాబాయిని వదల్లేదు. బండి దొంగతనం మామూలు కేసు, అది అందరి మీదా ఉంది. ఆయన మీద ఇంకోటి పెట్టారు. మిషనమ్మనీ ఆమె భర్తనీ చంపిన కేసు. పైపు అతని చేతుల్లోనే ఉంది, నీళ్ళు పొయ్యొద్దని నేను ఒక్కమాటా అనలేదు, ఆగమన్నానంతే అని సూపర్‌వైజరు వాంగ్మూలం ఇచ్చాడు. సిబ్బంది సొంత నిర్లక్ష్యంతో కంపెనీకి సంబంధం లేదని మేనేజరు రాసి సంతకం పెట్టాడు. ప్రశంసాపత్రం మీద ఉన్న సంతకమూ ఆ చేత్తో పెట్టిందే.

ఆ కేసు నిలబడాలంటే చిట్టి ఫిర్యాదు చెయ్యాలి. పోలీస్ స్టేషన్‌కు పిలిపించారు. కుర్చీ వేశారు, ఇన్‌స్పెక్టరు అమ్మా అని పిలిచాడు. ఫిర్యాదు టైపు చేయించే ఉంచారు, సంతకం ఒక్కటే తక్కువ. సంతకం పెడితే ఇల్లు కట్టించి ఇస్తామని కంపెనీ జాలి తలచిందని కూడా చెప్పాడు. లాకప్పు ఊచలు అక్కడికి ఆరడుగులుండవు. ఊచల వెనక బాబాయి నిలబడి ఉన్నాడు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

చిట్టి కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"పెట్టమ్మా సంతకం," అన్నాడు బాబాయి. "అందులో అబద్ధమేం లేదు."

"లేదు బాబాయ్. కానీ సగమే ఉంది."

ఆ మాట అని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. మిగతా సగం కూడా రాయండి, పెడతానంది. ఆగమన్నదెవరు, ఆగమనే రూలు రాసిందెవరు, ఆ రూలు కింద సంతకం పెట్టి మా బండిని వాళ్ళకి అప్పగించిందెవరు, ఆ పేర్లు రాయమంది. అలాంటి కేసుకు సెక్షన్ లేదని ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. పెద్దవాళ్ళ పేర్లు అలా ఊరికే రాసెయ్యరన్నాడు. చిట్టి లేచింది. ఊచల దగ్గరికి వెళ్ళి మెల్లగా మాట్లాడింది, బాబాయికి మాత్రమే వినబడేలా.

"నిన్ను క్షమించాననుకోకు. నీ సగం నీకూ నాకూ మధ్య ఉంది, నేను చచ్చేదాకా ఉంటుంది. దాన్ని వీళ్ళ చేతిలో పెట్టను."

బాబాయి ఊచలు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. మంటలప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది, కానిస్టేబుళ్ళ ముందే భోరుమని ఏడ్చాడు.

చిట్టి కాగితం పట్టుకుని మెట్ల మీదికొచ్చింది. బయట మూడు వందల మంది ఉన్నారు, తలలకు కట్లతో, ఫ్యాక్టరీ బట్టలతో, భుజాన పుస్తకాల సంచులతో. ఆమె ఫిర్యాదుని ఒక్కో వాక్యం చదువుతుంటే కింద నుంచి జనం దానికి కలపాల్సిన వాక్యాలు చెబుతున్నారు. గుమాస్తా తాత కలం తీసి వెనక పేజీ మీద రాసుకుంటున్నాడు. సగం కూడా కాలేదు, సైరను వినబడింది. కంపెనీ పక్క ఊరి నుంచి ఎనిమిది మంది కొత్తవాళ్ళని దింపింది. ఇప్పుడు బండి నడుపుతున్నది వాళ్ళు. ముందు సీట్లో సూపర్‌వైజరు, చేతిలో ఫోను. బండి స్టేషన్ ముందు నుంచే దూసుకుపోయింది.

పరుగెత్తండని ఎవరూ చెప్పలేదు. చిట్టి మెట్లు దిగి బండి వెనక పరుగు తీసింది, మూడు వందల మందీ వెనకే.

రెండు వీధుల అవతల చిన్న పెంకుటిల్లు, వంటగది అంటుకుంది. తలుపు బోడిగా ఉంది. పైపు పట్టిన కొత్తవాడికి ఆ ఊళ్ళో ఎవరూ తెలియదు, ఆ ఊరి గొడవా తెలియదు. మూతి నేలకి పెట్టి సూపర్‌వైజరు మొహంలోకి చూశాడు. సూపర్‌వైజరు ఫోన్ తెరిచాడు. అప్పటికి జనం వచ్చిపడ్డారు. ఎవరూ అతన్ని కొట్టలేదు, కనీసం తిట్టలేదు. చుట్టూ నిలబడ్డారు, ఎంత దగ్గరగా అంటే ఫోను చెవి దాకా ఎత్తడానికి అతనికి మోచెయ్యి మడిచే సందు కూడా దొరకలేదు. చిట్టి పైపు పట్టినవాడి పక్కకి వెళ్ళింది.

"తిప్పు, అన్నా," అంది.

అతను తిప్పాడు.

ఫైరింజను వెనక గుంపుగా పరుగెత్తడం నేరమని వారం తిరక్కుండా ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. ఆ పనికి మాత్రం ఎవరినీ కనుక్కోవాల్సిన అవసరం రాలేదు, ఒక్క పూటలో అయిపోయింది. బాబాయికి బెయిలు ఇవ్వలేదు. పెద్ద రోడ్డు పక్కనున్న జైలుకి మార్చారు. ఉత్తర్వుని గోడల మీద అంటించిన మధ్యాహ్నమే మళ్ళీ ఎక్కడో నిప్పంటుకుంది. జైలు గోడకు ఆనుకుని కూర్చున్న బాబాయికి ముందు సైరను వినిపించింది, అది దాటిపోయింది. దాని వెనక అడుగులు వినిపించాయి, అవి చాలాసేపటి దాకా దాటిపోతూనే ఉన్నాయి.